ఇంజిన్‌కి హారతి

మా తమ్ముడు ఆ కారు కొన్న రోజు నుంచీ నాకు మనసు మనసులో లేదు. తొంభైల మొదట్లో ఫ్రాన్సులో తయారైన స్పోర్ట్స్ కారు. ఎక్కడో షెడ్డులో ఏళ్ల తరబడి మూలపడి ఉన్నదాన్ని తెచ్చి, ఎల్బీ నగర్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టాడు. స్టీరింగు ఎడమవైపు. ఇంజిన్ వెనకాల. పైకి కనిపించే ఒళ్లంతా ఫైబర్. డ్రైవరు తలుపు లోపలినుంచి ఒక పట్టాన తెరుచుకోదు, బయటినుంచి ఎవరైనా లాగాలి. ఇదేం చోద్యంరా అంటే, "క్లాసిక్ అక్కా అది" అని నవ్వేవాడు. క్లాసిక్కట, క్లాసిక్కు!

సెల్లార్‌లోకి దిగితే చాలు, పెట్రోలు వాసన. ఇంట్లో నాకొక్కదానికే వచ్చేది కాబోలు. ఉండబట్టలేక, దాన్ని బాగుచేసిన హయత్‌నగర్ మెకానిక్‌ని పట్టుకుని అడిగాను.

"పాత బండ్లు గట్లనే వాసనొస్తయమ్మా. జర రోడ్డెక్కితే అదే పోతది. పరేషాన్ గాకుర్రి" అన్నాడు.

పోలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో గుడి ముందు వాహన పూజకి ఆపేసరికి ఇంకా ఎక్కువైంది. తమ్ముడు దిగలేదు. నలుగురూ వినాలని ఇంజిన్ ఆపకుండా లోపలే కూర్చుని రొద పెట్టిస్తున్నాడు. పంతులుగారు చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టించి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. అమ్మ కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటోంది. నాకు భయం. హారతి ముందువైపు ఇస్తారు, ఇంజిన్ వెనక ఉంది, ఏం కాదులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

పంతులుగారు పళ్లెంలో కర్పూరం వెలిగించి, "ఇంజిన్‌కి చూపించాలి, బానెట్ తెరవండి" అన్నారు. తెరిస్తే అక్కడేముంది, ఖాళీ.

"వెనకుంది స్వామీ" అని అమ్మే దారి చూపించింది.

ఆయన ఆ మంటతో వెనక్కి నడిచారు. తమ్ముడు లోపలినుంచి ఏదో లాగాడు, వెనక మూత లేచింది. వాసన గుప్పుమంది. "వద్దు!" అని అరిచాను. ఆ రొదలో ఎవరికి వినిపిస్తుంది? ఒక్క ఉదుటున వెళ్లి కర్పూరాన్ని అరచేత్తో అదిమేశాను. అరచెయ్యి చుర్రుమని కాలింది.

"హారతి ఆర్పేస్తావా! వాడి మీద ఇంత కుళ్లేంటే నీకు?" అని అమ్మ జనంలోనే నన్ను దులిపేసింది. తమ్ముడు ఇంజిన్ ఆపి, నన్ను తిట్టడానికి దిగబోయాడు. తలుపు రాలేదు. లోపలినుంచి అద్దం బాదుతున్నాడు.

రొద ఆగాక వినిపించింది, కారు కింద టప్, టప్ అని. అమ్మ వంగి వెనక చక్రం దగ్గరి నిమ్మకాయ తీసింది. తడిసిపోయి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

పంతులుగారు కొత్త కర్పూరం పెట్టి అగ్గిపెట్టె తీశారు.

అమ్మ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వెలిగించకండి. నా కొడుకు లోపలున్నాడు."