అవతలి ఊరి తరఫున

నా చిన్నప్పుడు నాకు తెలిసిన పట్నాలు రెండే. ఒకటి మా మండపేట. రెండోది జొన్నాడ వంతెన దాటాక వచ్చే రావులపాలెం, మా పెద్దనాన్నగారి ఊరు. ఏది గొప్పదన్న విషయంలో నాకూ, పెద్దనాన్నగారి అబ్బాయికీ ఎప్పుడూ తగువే. లారీలన్నీ మా మిల్లుల బియ్యం కోసమే వస్తాయని నేనంటే, అవి పోవాల్సింది మా ఊరి మీదుగానేగా అని అన్నయ్య అనేవాడు.

నాకు పదేళ్ళప్పుడు, ఒక వేసవిలో, ఆ తగువు ఆటగా మిగల్లేదు. మా మేనత్త రాజమండ్రిలో కుట్టు నేర్పే ఒక బడిలో పాఠాలు చెప్పేది. పెళ్ళి చేసుకోలేదు. ఆ బడి మూతపడటంతో సొంతంగా కుట్టు దుకాణం పెట్టుకోవాలనుకుంది. మా ఊరు రమ్మని నాన్న, కాదు మా ఊరు రమ్మని పెద్దనాన్నగారు. అత్తయ్యంటే నాకు ప్రాణం. మా పక్క వీధిలో ఆమె మిషను చప్పుడు వినిపించాలని నా ఆశ.

అత్తయ్య నన్నూ అన్నయ్యనీ పిలిచి కూర్చోబెట్టింది.

"మీ ఊరి గొప్ప మీరు ఎలాగూ చెప్తారు, అది నాకెందుకు? నువ్వెళ్ళి వాళ్ళింట్లో ఉండు, వాడొచ్చి మీ ఇంట్లో ఉంటాడు. నేను రావులపాలెంలో ఎందుకుండాలో నువ్వు చెప్పు. మండపేట సంగతి వాడు చెప్తాడు."

నేను నాలుగు రోజులు పెద్దమ్మ వండినవి తిని, అరటి మార్కెట్టు చూసి తిరిగొచ్చాను. సైకిలుకి అటూ ఇటూ గెలలు కట్టుకుని రైతులు బారులు తీరి వస్తుంటే కళ్ళు చెదిరిన మాట నిజమే. కానీ అత్తయ్యతో మాత్రం, "అరటిపళ్ళు బాగుంటాయి" అని ముక్తసరిగా అన్నాను. ఆమె నవ్వేసింది.

"పళ్ళు బస్సెక్కిస్తే రాజమండ్రికీ వస్తాయి. నువ్వు ఊరు చూళ్ళేదమ్మా. మళ్ళీ వెళ్ళు."

నా ఎత్తుగడ ఆమెకి తెలిసిపోయిందని సిగ్గేసింది.

రెండోసారి వెళ్ళినప్పుడు బస్సులు ఆగే చోట పెద్దమ్మతో కూర్చుని నిజంగానే చూశాను. కోనసీమ నుంచి వచ్చిన ఆడవాళ్ళు అక్కడ దిగి, మరో బస్సు కోసం గంటలకొద్దీ ఎదురుచూసేవారు. ఒకావిడ సంచిలోంచి జాకెట్టు ముక్క తీసి పక్కావిడకి చూపించింది. "ఇది కుట్టించుకోవాలంటే రాజమండ్రి రెండుసార్లు తిరగాలండి, ఇవ్వడానికోసారి, తెచ్చుకోడానికోసారి" అంది. అత్తయ్య దుకాణం ఉండాల్సిన చోటు నాకు అక్కడే కనిపించింది.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అత్తయ్య మా ఊరికే వచ్చేస్తుంది. కానీ ఆమె నన్ను నమ్మి పంపింది. ఆ నమ్మకం ముల్లులా గుచ్చుతూనే ఉంది.

అత్తయ్య మళ్ళీ మమ్మల్ని కూర్చోబెట్టినప్పుడు, ముందు అన్నయ్య చెప్పాడు. మిల్లులో పనిచేసే ఆడవాళ్ళు మధ్యాహ్నం చెట్టు కింద అన్నాలకి కూర్చుని కూరలు పంచుకుంటారట. అటుగా పోతున్న తనని కేకేసి, ఎవరబ్బాయివని అడక్కుండానే విస్తరేశారట. "మా ఊళ్ళో అందరూ బస్సు దిగి పోయేవాళ్ళే అత్తయ్యా. మండపేటలో అయితే నువ్వు ఒంటరిగా ఉండవు" అన్నాడు. పుట్టినప్పటి నుంచీ ఆ ఊళ్ళో ఉన్న నేను ఆ మాట ఎప్పుడూ అనుకోలేదు. మా ఊరిని వాడి నోట కొత్తగా విన్నాను.

ఇక దాచుకోలేకపోయాను. జాకెట్టు ముక్క సంగతి, ఎదురుచూసే ఆడవాళ్ళ సంగతి పూసగుచ్చినట్టు చెప్పేశాను. అత్తయ్య నా తల నిమిరి, "రావులపాలెమే వెళ్తాను" అంది. అంతే, వెక్కి వెక్కి ఏడ్చాను. నన్ను ఓదార్చడానికి నిర్ణయం మార్చుకోలేదు, మార్చుకుంటాననీ అనలేదు. "నువ్వు నిజం చెప్పావు కాబట్టే నాకు దారి తెలిసింది" అని మాత్రం అంది.

ఆ దుకాణం బాగా నడిచింది. ఆడవాళ్ళు బస్సు దిగి కొలతలిచ్చి వెళ్ళి, తిరుగు ప్రయాణంలో జాకెట్లు తీసుకెళ్ళేవారు. ఎంతమంది ఆడపిల్లలకో అత్తయ్య అక్కడే కుట్టు నేర్పింది. ఒంటరిగానూ లేదు. ఆదివారం వస్తే మా ఊరి బస్సెక్కి మా ఇంట్లో భోజనానికి దిగేది.

ఆ తర్వాత నేను టీచరునయ్యాను. బదిలీలప్పుడు, పిల్లల చదువులప్పుడు, సంబంధాలు చూసేటప్పుడు, నా మనసు ఎటు మొగ్గిందో తెలిశాక, రెండోదాని తరఫున నిలబడి నిజాయితీగా మాట్లాడి చూసుకునేదాన్ని. కొన్నిసార్లు మనసు మారింది, కొన్నిసార్లు మారలేదు. కానీ ఎంచుకున్నాక వెనక్కి తిరిగి చూసుకోవలసిన అవసరం నాకెప్పుడూ రాలేదు.

మొన్న మా మనవరాలు కాకినాడ కాలేజీలోనే చేరతానని, భీమవరం వద్దే వద్దని పట్టుబట్టింది. సరేనన్నాను. భీమవరంలో ఏం బాగుందో ముందు నాకు చెప్పమన్నాను. తను అసలు ఆ ఊరే చూళ్ళేదంది. మర్నాడు పొద్దున్నే లేచి భీమవరం బస్సెక్కింది.