ముంచింగిపుట్టు సంత రోజున రూతు ఊపిరి పరీక్ష

అరకు వెళ్ళేవాళ్ళు మామూలుగా కాఫీ కోసమో, పొగమంచు కోసమో, అద్దాల రైలు పెట్టె కోసమో వెళ్తారు. మొన్న డిసెంబరులో నేను వెళ్ళింది పదేళ్ళ పిల్ల చేత ఒక గొట్టంలోకి గట్టిగా ఊదించడానికి. విశాఖపట్నంలో ఒక పిల్లల ఆసుపత్రిలో ఊపిరితిత్తుల పరీక్షలు చేయడం నా ఉద్యోగం. పిల్లల ముందు కూర్చుని రోజంతా "ఊదు, ఊదు, ఇంకా ఊదు" అని అరవడమే పని. ఇంటికొచ్చాక కూడా నా గొంతు తగ్గదని మా ఆయన ఫిర్యాదు. పోయిన వానాకాలంలో వైరల్ జ్వరం న్యుమోనియాలోకి దిగి మా వార్డులో చాలామంది పిల్లలు ఆక్సిజన్ మీద ఉన్నారు. ముంచింగిపుట్టు దగ్గరి కొండ ఊరి నుంచి వచ్చిన రూతు వాళ్ళలో ఒకతి. దక్కుతుందో లేదో అని అందరం భయపడ్డాం. దక్కింది, ఇంటికి వెళ్ళింది. కానీ రెండు నెలల తర్వాత పరీక్షకి వచ్చినప్పుడు కొవ్వొత్తి కూడా ఆరనంత మెల్లగా ఊదింది. ఊపిరితిత్తులే బాగాలేవా, పిల్ల సరిగా ఊదలేదా అన్నది తేలలేదు.

ఇలాంటి జబ్బు తర్వాత చాలామంది పిల్లల్లో ఊపిరితిత్తులు నెలల మీద మెల్లగా కోలుకుంటాయి. కొందరికి మాత్రం లోపలి సన్న గాలిగొట్టాలు ఇరుకుగానే ఉండిపోతాయి. పైకి చూస్తే అందరూ ఒకేలా ఆడుకుంటూ కనిపిస్తారు కాబట్టి పరీక్ష తప్పదు. "ఈసారి బాగుంటేనే క్రిస్మస్ సెలవుల తర్వాత హాస్టల్ బడికి పంపుదాం. లేకపోతే విశాఖలో చేర్చి స్కాన్ తీయాలి" అని డాక్టరు గారు రూతు తల్లి మార్తమ్మకి ఫోనులో చెప్పారు. బడికి వెళ్తానంటూ రూతు వెనకనుంచి ఏడవడం నాకూ వినిపించింది. కాఫీ పండ్లు కోసే రోజులు కావడంతో మార్తమ్మకి విశాఖ దాకా రావడం కుదరదు. అందుకని యంత్రమే పిల్ల దగ్గరికి బయల్దేరింది, దాంతోపాటు నేనూ.

కిరండూల్ రైలు విశాఖలో ఉదయం ఏడు కాకముందే కదులుతుంది, పదకొండు ప్రాంతంలో అరకు చేరుస్తుంది. జనరల్ టికెట్ వందలోపే. కిటికీ పక్కన సీటు కావాలంటే మాత్రం బాగా ముందే స్టేషన్‌కి వెళ్ళాలి. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలోని పిల్లలంతా కలిసి అరిచారు. నా వృత్తి పాడుగాను, ఎవరి ఊపిరి ఎంతసేపు నిలుస్తోందో చూసుకుంటూ కూర్చున్నాను. ఆ రాత్రి అరకులోనే ఒక చిన్న లాడ్జిలో ఉన్నాను. రెండు దుప్పట్లు అడిగి మరీ తీసుకోండి, డిసెంబరు చలికి ఒకటి ఏ మూలకీ సరిపోదు.

అరకు నుంచి ముంచింగిపుట్టుకి షేర్ జీపులు దొరుకుతాయి గానీ ఒళ్ళో యంత్రం ఉంది కాబట్టి నేను జీపు మొత్తం మాట్లాడుకున్నాను. డ్రైవరు అప్పారావు పొద్దున్నే వచ్చి హారన్ మోగించాడు. "బేగి రండి మేడమ్. సంత జోరైపోనాదంటే జీపు లోపలికెల్దు." డుంబ్రిగుడ దాటాక మంచు విడిచింది. దారి పొడవునా ఇళ్ళ ముందు కాఫీ పండ్లు ఎండబోసి ఉన్నాయి. మలుపుల్లో నేను పెట్టెని గట్టిగా పట్టుకోవడం అతను అద్దంలో చూస్తూనే ఉన్నాడు.

"ఏటి మేడమ్ ఆ పెట్టెలో? ఒళ్ళోంచి దించట్నేదు."

"ఊపిరి కొలిచే మిషను."

"అయితే నాది కూడా ఓసారి సూసీండి. బీడీలు మానీసి ఏడాదైనాది, మా ఇంటిది నమ్మట్నేదు."

తిరుగు ప్రయాణంలో చూస్తానన్నాను. దారిలో టిఫినుకి ఆగడం, కడుపు తిప్పడం కూడా కలుపుకుంటే రెండున్నర గంటలు పట్టింది.

ముంచింగిపుట్టు ఆసుపత్రి వాళ్ళు మాకు ఒక గది ఇచ్చారు. చలిలోంచి తెచ్చిన యంత్రం గదికి అలవాటు పడేదాకా తప్పుడు లెక్కలు చెప్తుంది కాబట్టి కాసేపు ఆగాను. మార్తమ్మ, రూతు అప్పటికే వచ్చి బెంచీ మీద కూర్చుని ఉన్నారు. పిల్ల కాస్త ఒళ్ళు చేసింది, రెండు జడలు వేసుకుంది. ముక్కుకి క్లిప్పు పెట్టి, అట్ట గొట్టం నోటికిచ్చి, గుండెల నిండా పీల్చమన్నాను. ఎంత బాగా పీల్చిందో! భుజాలు పైకి లేచాయి. "ఊదు!" అని అరిచాను. అంత గాలినీ మెల్లగా, చప్పుడు లేకుండా జారవిడిచింది. తెర మీద నిటారుగా లేవాల్సిన గీత నేలబారుగా పాకింది. మళ్ళీ చేయించాను, మళ్ళీ అంతే. మూడోసారికి పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"గట్టిగా ఊదే! మేడమ్ అంత దూరం నుంచి నీ కోసరమే కదా వొచ్చారు. ఏటలా సేత్తన్నావు?" అని మార్తమ్మ కసిరింది.

విసుగు నాకూ వచ్చింది. పరీక్ష పక్కన పెట్టి ముగ్గురికీ టీ తెప్పించాను. ఆ గ్లాసులు పట్టుకుంటే చేతులు కాలాయి. నేనూ మార్తమ్మా ఊదుకుంటూ తాగుతున్నాం. రూతు మాత్రం గ్లాసు బెంచీ మీద పెట్టి దాన్నే చూస్తూ కూర్చుంది.

"ఊదుకుని తాగవే, చల్లారిపోదూ" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. "ఊదకూడదు. మామ్మ మీద ఒట్టు. ఊదితే మామ్మ సచ్చిపోద్ది."

నేను మార్తమ్మ వైపు చూశాను. ఆమె గ్లాసు కింద పెట్టేసి సంగతి చెప్పింది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు, పిల్లకి పొగ తగలకూడదు, పొయ్యి దగ్గరకి రానీయొద్దు అని మావాళ్ళు చెప్పారు. ఆ ఇంట్లో ఊదుగొట్టం పట్టుకుని పొయ్యి రాజేయడం ఎప్పుడూ రూతు పనే. వద్దన్నా వినకపోతే, వాళ్ళ మామ్మ పిల్ల చేతిని తన తల మీద పెట్టించుకుని ఇక ఊదనని ఒట్టు వేయించింది.

"ఒట్లు పెట్టుకోకూడదని మా పాస్టరు గారు సెప్తానే ఉంటారు మేడమ్. మా అత్త ఇంటేనా?" అంది మార్తమ్మ. తర్వాత కూతురితో, "ఆ ఒట్టు పొయ్యికే కదే!" అంది.

"పొయ్యికేనో అన్నిటికీనో నాకేటి తెల్సు? ఏదూదినా మామ్మకేటైనా అయితే?" అంది రూతు. ఈసారి ఏడుపు ఆపుకోలేదు.

మూడు నెలలుగా ఆ పిల్ల బుడగ ఊదలేదు, ఈల వేయలేదు, వేడి అంబలి చల్లారేదాకా ఆకలితో కూర్చుంది. తన బడి ఈ పరీక్ష మీదే ఉందని తెలిసి కూడా ఊదలేదు. ఒట్టుతో ఎవరూ చావరని నచ్చజెప్పబోయి ఆగిపోయాను. నలభై ఏళ్ళొచ్చినా మా అమ్మ మీద ఒట్టు వేయమంటే నేను ఈ రోజుకీ వేయను, ఇక ఆ పిల్లకి ఏం చెప్తాను? ఒట్టు పెట్టించినవాళ్ళే తీయాలి. మామ్మ ఎక్కడుందని అడిగితే, సంతలో పసుపు కొమ్ములు అమ్ముతోందని చెప్పారు.

ముగ్గురం సంతలోకి నడిచాం. మీరు వెళ్తే రాజ్మా, పసుపు, అల్లం తప్పకుండా కొనుక్కోండి, నాకు ఆ తీరిక దొరకలేదు. ఒడిశా వైపు నుంచి వచ్చిన వాళ్ళతో అడుగు వేయడానికి సందు లేదు. గోనె పట్టా మీద కూర్చుని ఎవరితోనో బేరంలో ఉంది మామ్మ. మార్తమ్మ వాళ్ళ భాషలో గబగబా చెప్పింది. మామ్మ బేరం ఆపేసి మనవరాలిని దగ్గరకి లాక్కుంది.

"ఓసి పిచ్చి గుంటా! నాకోసమా ఇన్నాళ్ళూ అలగున్నావు?" అని, పిల్ల చేతిని తన తల మీద పెట్టించుకుంది. "ఒట్టు తీసి గట్టున పెట్టీసినాను. ఇదిగో, నలుగురూ సూత్తన్నారు." తర్వాత నా వైపు తిరిగింది. "పొయ్యి కాడ మాత్రం ఒట్టు ఒట్టే మేడమ్. అది తియ్యను."

"అది తీయొద్దు అవ్వా, అది ఉండాల్సిందే" అన్నాను.

పక్కావిడకి సరుకు అప్పజెప్పి మామ్మ కూడా మా వెంట వచ్చింది. గదిలో ఆమెని రూతు ఎదురుగా బెంచీ మీద కూర్చోబెట్టాను. క్లిప్పు, గొట్టం, నిండా గాలి. "ఊదు!" అన్నాను. ఊదింది. గొట్టం నా చేతిలో అదిరింది. తెర మీద గీత నిటారుగా లేచింది. నేను "ఇంకా, ఇంకా" అని అరుస్తూనే ఉన్నాను, చివరి బొట్టు దాకా వదిలేసి దగ్గింది. ఏ పిల్లైనా ఊదగానే తెర వైపు చూస్తుంది. రూతు చటుక్కున మామ్మ వైపు చూసింది.

"బతికే ఉన్నానే" అంది మామ్మ. "ఇంకోసారి ఊదు."

మూడుసార్లు బాగా ఊదింది. ఫోనుకి సిగ్నల్ దొరికే చోటు వెతుక్కుని లెక్కలు పంపితే డాక్టరు గారు అప్పుడే ఫోన్ చేశారు. ఈ వయసు పిల్లలకి ఉండాల్సిన దానికంటే ఇంకా కాస్త తక్కువే, అయినా బాగా కోలుకుంటోంది, ఇన్‌హేలర్ సంచిలో పెట్టి బడికి పంపండి, ఎండాకాలంలో మళ్ళీ చూద్దాం అన్నారు. మార్తమ్మ గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను, దాచడం దేనికి.

తిరిగొస్తూ దారంతా అదే ఆలోచన. జబ్బు నుంచి లేచిన పిల్లలకి మేం వద్దులు చాలా చెప్తాం: పొగ వద్దు, చలి వద్దు, పరుగు వద్దు. అవి ఇంటికెళ్ళి ఎంత పెద్దవవుతాయో మాకు తెలియదు. పరీక్ష కాగితం మీద తక్కువ అంకె చూసి ఊపిరితిత్తులనే అనుమానిస్తాం, ఆ ఊపిరిని పిల్ల ఎవరి కోసం దాచుకుందో అడగం. ఇకపైన నేను అడుగుతాను. మీకు నా సలహా ఒక్కటే. పిల్లని ఊపిరి పరీక్షకి తీసుకెళ్తుంటే అమ్మతోపాటు మామ్మని కూడా జీపు ఎక్కించండి, ఇంకొకరికి చోటు ఎప్పుడూ ఉంటుంది.