రంగసాములందరినీ కలిపేసిన నేను

ఒక్క నొక్కుతో నా పెళ్ళిని నేనే చెడగొట్టుకోబోయిన కథ ఇది. మీరు నిదానంగా నవ్వుకోండి. ఆ రోజు నాకు మాత్రం నవ్వు రాలేదు.

కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో మాకు మోటార్లు రిపేరు చేసే షాపు ఉంది. కారమడై రైతులే ఎక్కువగా వస్తారు. అక్కడ రంగనాథుడి గుడి ఉంది కాబట్టి ఇంటికొక రంగసామి తప్పడు. మా నాన్న వాళ్ళను బోరు రంగసామి, మీసాల రంగసామి అని గుర్తుపెట్టుకునేవాడు. కంప్యూటరు చదువు చదివిన నాకు అది మోటుగా తోచింది. కస్టమర్ల వివరాలు చూసుకునే సాఫ్ట్‌వేరు తెచ్చి, మా ఫోన్లలోని నంబర్లన్నీ అందులో పోసి, మర్యాదగా అందరికీ అసలు పేర్లే ఉంచాను. "ఈ పేరు చాలాసార్లు ఉంది, కలిపేయనా?" అని అడిగింది. శుభ్రత నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. కలిపేయమన్నాను. ఊళ్ళో రంగసాములందరూ బోలెడు నంబర్లున్న ఒకే మనిషి అయిపోయారు.

ఆ వారమే మా షాపుకొచ్చే ఇంకో రంగసామి తన కూతురు రంగనాయకి జాతకం మా ఇంట్లో ఇచ్చి వెళ్ళాడు. ఆ అమ్మాయిని ఒక పెళ్ళిలో చూసినప్పటి నుంచి నాకు అన్నం సరిగ్గా దిగడం లేదు.

"మీసాల రంగసామి మోటారు ఇంక పనికిరాదు. ఎత్తుకోని పొమ్మను" అన్నాడు నాన్న.

మోటారో, పంపో పేరు రాసే పని లేకుండా అరవంలో ముందే తయారుచేసుకున్న మెసేజి రంగసామి పేరు నొక్కి పంపాను: "మీరు ఇచ్చినది చూశాము. చాలా పాతది. లోపల కాలిపోయింది. మాకు వద్దు, తీసుకుపోండి."

కాసేపటికి అమ్మాయి తండ్రి నాన్నకు ఫోన్ చేశాడు.

"ఏమి బావా, జాతకం వద్దంటే నోటితో చెప్పకూడదా? నా బిడ్డ పాతదా? లోపల కాలిపోయింది అంటే ఏమి అర్థం?"

ఫోన్ పెట్టేశాడు. నాన్న నా వైపు తిరిగాడు.

"ఏమి రాసినావురా?"

"అది మోటారుకు రాసింది నైనా."

"పోయి నేరుగా చెప్పిరా."

"రాసి పంపితేనే మర్యాద నైనా."

పంపాను: "క్షమించండి. మీరు ఇచ్చినది మాకు చాలా నచ్చింది. ఇక తిరిగి ఇవ్వము, మాతోనే ఉంచుకుంటాము." ఎవరికని అడగకండి. రంగసామికే.

మరునాడు షట్టరు ముందు రంగసాములు గుంపుగా నిలబడి ఉన్నారు.

"నచ్చితే నా మోటారు నువ్వే పెట్టుకుంటావా తంబీ? చేనికి నీళ్ళు ఎవురు పోసేది?" అన్నాడు మీసాలాయన.

"నాది పోయిన నెలనే ఎత్తుకోని పోతినే. ఇప్పుడేమి నచ్చింది?" అన్నాడు బోరాయన.

వాళ్ళ వెనక అమ్మాయి తండ్రి. జాతకం వెనక్కి తీసుకుపోవడానికి వచ్చాడు. అది పోతే అమ్మాయీ పోయినట్టే. భయంతో ఉన్నదంతా చెప్పేశాను.

"మాకు మోటార్లు వద్దు మామా. మీ బిడ్డే నచ్చింది."

అందరూ నన్నే చూశారు. మీసాలాయన గొంతు సవరించుకున్నాడు.

"అయితే నా మోటారు ఇచ్చేయి. పిల్లను ఉంచుకో."

జాతకం కోసం చాచిన చెయ్యి అమ్మాయి తండ్రి వెనక్కి తీసుకున్నాడు.

"సరి, జాతకం మీ కాడనే ఉండనీ. ఒకటి చెప్తా తంబీ. మా ఊర్లో రంగనాయకిలు గూడా నిండా మంది ఉండారు. కంప్యూటరు అడిగిందని కలిపేయబాకు."

ఈ జన్మలో సరిచూడకుండా ఎవరినీ ఎవరితోనూ కలపనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. పీటల మీద అయ్యవారు "చేతులు కలపండి" అన్నప్పుడు కూడా, ముందు పెళ్ళికూతురి ముఖం బాగా చూసుకుని, ఆ తర్వాతే చెయ్యి చాపాను.