ఉప్పు కాపడం

మా ఆర్మీ దళం భూపాలపల్లి చేరేసరికి ఉదయం ఆరు. వాన. రెండు లారీలు, మూడు రబ్బరు పడవలు, తడిసి బరువెక్కిన బూట్లు. వరద డ్యూటీ అంటే పులిహోర పొట్లాలు పంచడమే అనుకుంటారు మా ఊరు గార్లలో. అంత సుఖం ఎక్కడిది!

వాగు పక్క ఊళ్లో ఒక మిద్దె గదిలో తల్లీకూతుళ్లు చిక్కుకున్నారు. కూతురు రమకు వారం కిందటే గర్భసంచి తీసేశారు. కుట్టు పక్కన అరచేయంత వాపు, నల్లగా కమిలి ఉంది. తల్లి పొయ్యి మీద ఉప్పు వేయించి, గుడ్డలో మూటకట్టి, దాని మీద అద్దుతోంది. మా ఇళ్లలోనూ ఏ నొప్పికైనా ఇదే వైద్యం.

మా మెడికల్ హవల్దార్ హర్యానావాడు. రమ నాడి పట్టుకోగానే మొహం మారిపోయింది. "లోపల రక్తం గూడుకడుతోంది. వేడికి ఇంకా కారుతుంది. ఆపమను!" అని హిందీలో అరిచాడు. తెలుగు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే.

"అవ్వా, గా మూట తియ్యి జర."

"ఎందుకు తియ్యాలె? పొద్దుగాల్నుంచి కాపుతున్న. తగ్గుతది."

"తగ్గుతలేదవ్వా, పెరుగుతున్నది. మా అమ్మ గూడ గిట్లనే కాపుతది. గని గిది ఉత్త వాపు గాదు. లోపల నెత్తురు కారుతున్నది."

ఆమె చేయి ఆగిపోయింది. "అయితే నేనే చేసిన్నా బిడ్డా?" అంది. నేను రేడియో తీసి పడవ పంపమని అడిగాను.

రేడియోలో కెప్టెన్ గొంతు: "పడవ నిండింది. తర్వాతి ట్రిప్పులో చూద్దాం."

హవల్దార్ సెట్టు లాక్కున్నాడు. "సాబ్, అప్పటిదాకా ఈమె ఉండదు."

గరగర. మళ్లీ కెప్టెన్ గొంతు: "ఇద్దరు జవాన్లను దింపేసి వస్తున్నాం."

పడవలో తల్లికి చోటు లేదు, తర్వాతి ట్రిప్పులో తెస్తామన్నారు. మడతపెట్టిన గుడ్డ వాపు మీద ఉంచి, హవల్దార్ చెప్పినట్టు నా బలమంతా పెట్టి నొక్కి పట్టుకున్నాను. రమ పెదాలు తెల్లబడ్డాయి. "అన్నా, మా అవ్వను ఏమనకుండ్రి" అంది. కళ్లు మూసుకుంటుంటే భయమేసి, పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను.

దవాఖానలో కుట్లు విప్పి, గడ్డకట్టిన రక్తం తీసి, కారే నరం కట్టేశారు. బతికింది. సాయంత్రం ఆ మాట విని లారీ వెనక కూర్చుని ఏడ్చాను, సిగ్గేముంది.

ఇప్పుడు పింఛను తీసుకుని గార్లలోనే ఉంటున్నాను. నా మోకాలికి మా ఆవిడ ఉప్పు వేయిస్తే వద్దంటాను. "మోకాలికేమైతదయ్యా, ఉత్తగ పరేషాన్ అయితవు" అని నవ్వుతుంది. నిజమే, మోకాలికేం కాదు. కానీ ఆ వాసన తగలగానే ఆ మిద్దె మెట్ల మీద మోకాలి లోతు నీళ్లలో ఆ తల్లి కనిపిస్తుంది. పడవ దూరమవుతోంది. మూటను రొమ్ముకు అదుముకుని నిలబడి ఉంది. వానలో దాని నుంచి ఇంకా ఆవిరి వస్తోంది.