పాస్టరమ్మ గారి ఖాళీ సీసాలు

మా పల్లె పాస్టరమ్మ గారు మొన్న ఆదివారం కన్నుమూశారు. బందరు ఆసుపత్రిలో ఉన్నారని తెలిసి, చూసొద్దామని బస్సు కోసం నిలబడి ఉండగా కబురు వచ్చింది. ఇక బస్సెక్కలేదు.

మాది బందరుకు దిగువన, సముద్రంలో కలిసే కాలువ ఒడ్డున, వేట మీద బతికే పల్లె. మా ఇంట్లో ఎవరూ ఆవిడ చర్చికి వెళ్ళేవాళ్ళు కాదు. అయినా ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆవిడే వచ్చేవారు. అడక్కుండానే పొయ్యి దగ్గరికెళ్ళి గంజి కాచేవారు. "ఉప్పు తక్కువేశాను, చూసుకో అమ్మాయ్" అని చెప్పి వెళ్ళిపోయేవారు.

కూల్‌డ్రింకులు గాజు సీసాల్లో వచ్చినన్నాళ్ళూ ఖాళీవి కొట్టువాడే వెనక్కి తీసుకునేవాడు. ప్లాస్టిక్ సీసాలు వచ్చాక వాటిని అడిగేవాడు లేడు. అవి చేపలతో పాటు మా వలల్లో పడేవి. అప్పుడే ఒక కూల్‌డ్రింకు కంపెనీ వాళ్ళు పల్లెకు వచ్చారు. ఖాళీలు ఏరి ఉంచితే లారీ పంపి తీసుకెళ్తామని, కరిగించి మళ్ళీ వాడతామని, పల్లెకు మంచినీళ్ళ ట్యాంకు కట్టిస్తామని చెప్పారు. పాస్టరమ్మ గారు నమ్మారు. ఆవిడ నమ్మారు కాబట్టి మేమూ నమ్మాం.

చేపలు అమ్ముకుని వచ్చాక ఆడవాళ్ళమంతా గోనెసంచులతో కాలువ వెంట తిరిగేవాళ్ళం. మడచెట్ల వేళ్ళలో ఇరుక్కున్నవి ఆవిడే చీర ఎగ్గట్టుకుని దిగి లాగేవారు. ప్రతి సీసా మూత విప్పి లోపలి బురద కడిగేవారు. ఎలాగూ కరిగించేవే కదండీ అంటే, మురికిగా ఇస్తే మళ్ళీ రారమ్మా అనేవారు.

లారీ ఒకసారి వచ్చింది. ఫోటోలు తీశారు, అందరికీ టోపీలు పంచారు, ట్యాంకుకు గుంత తవ్వించారు. ఆ తర్వాత ఎవరూ రాలేదు. సంచులు చర్చి వెనక గుట్టగా పెరిగాయి.

చివరికి ఆవిడా నేనూ గుడివాడ వైపున్న వాళ్ళ ఫ్యాక్టరీకి వెళ్ళాం. ఆఫీసరు మర్యాదస్తుడే. కూర్చోబెట్టి చల్లటి డ్రింకులు తెప్పించాడు. ఆ పథకం పోయినేడుతోనే అయిపోయిందని చెప్పాడు.

"మరి మావాళ్ళకేం చెప్పమంటారు బాబూ?" అని అడిగారావిడ.

"నా చేతుల్లో ఏం లేదండీ. పైవాళ్ళు ఆపేశారు."

ఆవిడ డ్రింకు ముట్టుకోలేదు. తిరుగు బస్సులో నాతో అన్నారు: "నేను చెప్పబట్టే కదా అమ్మాయ్, మీరంతా ఏరారు."

ఆ ఏడు తుఫానుకు సముద్రపు నీళ్ళు చర్చి దాకా వచ్చాయి. సంచులన్నీ చిరిగి, మేం ఏరినవన్నీ మళ్ళీ కాలువలో పడ్డాయి. మా ఆయన కొత్త వల ఆ సీసాల బరువుకే తెగింది. ఎక్కడివక్కడ వదిలేసినా బాగుండేది, మీరు పోగేయించి మా నెత్తిన పోశారని కొందరు ఆవిడ మొహం మీదే అన్నారు.  ఆ మాటలన్న వాళ్ళ ఇళ్ళల్లో జ్వరమొచ్చినా ఆవిడ మానకుండా వెళ్ళారు.

తర్వాత ఎవర్నీ రమ్మనలేదు. ఒక్కరే కాలువలో దిగేవారు. ఒక సాయంత్రం నేను చూశాను. ఏరిన సీసాలు గట్టు వార పెట్టారు. వేయడానికి సంచి లేదు, తీసుకెళ్ళడానికి చోటు లేదు. ఈలోగా పోటు వచ్చింది. నీళ్ళు గట్టెక్కి, సీసాలు ఒక్కొక్కటే తేలి కదిలిపోతుంటే, ఆవిడ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ అలాగే నిలబడి చూస్తున్నారు.