సీసా అడుగున మట్టి

ఆయన ఉన్నన్నాళ్లూ ఆవిడకు తెల్లవారడమంటే వంటింటి కిటికీ గూట్లో సీసా పెట్టిన చప్పుడే. ఇప్పుడు ఆ చప్పుడు లేదు. తెల్లవారుతోంది, అంతే.

ఇరవై రెండేళ్లుగా ఆయన వరదను ఆపే మట్టికట్టకు కాపలాదారు. చీకటి విడవగానే కట్ట మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచేవాడు. పగుళ్లూ, ఎలుక బొరియలూ చూసుకుని, కిందికి దిగి, కట్ట పాదం దగ్గర ఊరే నీటిని సీసాలో పట్టి తెచ్చేవాడు. మధ్యాహ్నం దాకా దాన్ని ఎవరినీ కదపనిచ్చేవాడు కాదు. అడుగున మట్టి చేరకపోతే "ఇవాళ్టికి బతికాం" అనేవాడు. ఆ తర్వాత సీసా కడగడం ఆవిడ పని. వీధిలో అందరికీ ఆయన సీసాయన. ఎవరింటికి వెళ్లినా "మంచినీళ్లు గ్లాసులో ఇవ్వమంటారా, సీసాలోనా?" అని ఆటపట్టించేవాళ్లు.

"ఊట ఎంతొచ్చినా తేటగా ఉంటే భయం లేదే. చెంబెడొచ్చినా బురదగా వచ్చిందంటే, కట్ట లోలోపల కరిగిపోతున్నట్టు," అని ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. ఆవిడ ఊఁ కొడుతూ కూరలు తరుక్కునేది.

మూడు వారాల కిందట సీసా గూట్లో పెట్టి, చొక్కా విప్పుతూనే కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు. ఇంటినిండా జనం. ఏడుపు రాక, చేతులు ఊరుకోక, ఆవిడ కనిపించిన గిన్నెనల్లా కడిగింది. వాటితోపాటు సీసా కూడా. చేతి అలవాటు. అడుగున ఏముందో చూడలేదు. రెండ్రోజుల తర్వాత గుర్తొచ్చింది. ఆయన ఆఖరి మాటేదో తన చేత్తోనే పారబోసుకున్నట్టయింది.

ఆయన పని మరిదికి ఇచ్చారు. మంచివాడే గాని, ఒళ్లు వంచడు. స్కూటరు మీద కట్ట పైన ఒక చుట్టు చుట్టి, రిజిస్టరులో 'అంతా బాగుంది' అని రాసేవాడు.

"కిందికి దిగి చూశావా?" అని ఆవిడ అడిగింది.

"చూడ్డానికేముంది వదినా, నీళ్లేగా. నేను కూడా సీసాయన్ని కావాలా?" అని నవ్వాడు.

వానలు తెరిపివ్వడం లేదు. కట్ట వెనక నీరు సగం దాటి ఎక్కింది. కట్ట కిందే వాళ్ల వీధి. ఒకరోజు ఆవిడే సీసా, గొడుగు పట్టుకుని దిగింది. మధ్యాహ్నానికి సీసా అడుగున గోరంత మందాన ఎర్రమట్టి. మర్నాడు పాత నీళ్లు పారబోసి మళ్లీ పట్టింది. ఈసారి వేలెడు మందం.

మరిదిని పిలిచి చూపించింది.

"వానాకాలం కదా వదినా, ఆమాత్రం మట్టి ఉండదూ?"

"వాననీళ్లు కాదయ్యా, ఊట. గొడుగు అడ్డం పెట్టి పట్టాను."

అతని మొహం మాడిపోయింది. గొంతు తగ్గించాడు. "రేపు ఇంజినీరుగారు తనిఖీకొస్తున్నారు. ఎప్పట్లాగే టీ ఇక్కడే. ఆ సీసా కడిగి లోపల పెట్టెయ్ వదినా. మూడు వారాలుగా బాగుందని రాశాను. ఇది చూశారంటే నా ఉద్యోగం ఊడుతుంది. పిల్లలుగలవాణ్ణి."

"నీ పిల్లలు పడుకునేది ఆ కట్ట కిందేగా."

"నేనే నెమ్మదిగా చెబుతాలే."

"మీ అన్నయ్య తెచ్చింది ఒకసారి కడిగేశాను. చాలు."

అతను చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు వీధి మలుపులో జీపు చప్పుడయ్యేసరికి మరిది గుమ్మంలో నిలబడి ఆవిడ చేతుల వంకే చూస్తున్నాడు. ఆవిడ టీ గిన్నె తోమింది. గ్లాసులు కడిగి బోర్లించింది. పొయ్యి గట్టు తుడిచింది. కుళాయి కట్టేసి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

గూట్లో సీసా అలాగే ఉంది. దాని మీద ఎండిన బురద మరకలు కూడా ఆవిడ తుడవలేదు. కదిలితే అడుగున మట్టి లేస్తుందని.