గుమాస్తాల గీత

సిరా కడ్డీని తడిరాతి మీద నూరగానే కర్పూరమూ పొగచూరిన చెక్కా కలిసిన వాసన లేస్తుంది. ఇప్పటికీ ఆ వాసన తగిలితే అమెరికాలో, రెడ్‌మండ్‌లో మా పక్కింటి లిన్ మేడమ్ గరాజ్ కళ్ళముందుకు వస్తుంది.

రిటైరైన టీచర్ ఆవిడ. శనివారాలు గరాజ్‌లో చైనా లిపిని కుంచెతో రాయడం నేర్పేవారు. తనకు నచ్చిన రాతలను మాత్రమే, కింద రాసినవారి పేరుతో, వసంతంలో జరిగే ప్రదర్శనలో లైబ్రరీ గోడకు ఎక్కించేవారు. మా తాతగారి సంతకానికి ఊళ్ళకు ఊళ్ళు లేచి నిలబడిన రోజులుండేవి. ఎస్టేటు పోయాక మా ఇంటిపేరు కోర్టు కాగితాల్లోనే మిగిలింది. దాన్ని మళ్ళీ జనం తలెత్తి చూడాలని నా పంతం. అందుకే 2008లో చేరాను. చేరిన రోజే మా తాతగారి సంగతంతా చెప్పి అడిగాను: "చక్రవర్తులు రాళ్ళమీద చెక్కించిన లిపి నేర్పండి."

ఆవిడ పకపకా నవ్వారు. "అందమైన లిపే, యువరాజా! కానీ ఒక్క అక్షరం పూర్తయ్యేలోపు టీ చల్లారిపోతుంది. సర్కారు కచేరీల్లో పని పెరిగి, గుమాస్తాలకు తీరిక లేక ఆ వంపులను సాపు చేశారు. కుంచెకు అప్పుడే ప్రాణం వచ్చింది. ఇవాళ్టి పుస్తకాల అక్షరాలు, పరుగుతీసే రాతలు, అన్నీ ఆ గుమాస్తాల బిడ్డలే. నువ్వూ అక్కడే మొదలుపెట్టు."

"మా వంశంలో ఎవరూ గుమాస్తాగిరీ చేయలేదండీ."

"మరి ఆఫీసులో నువ్వేం చేస్తావు?"

"సాఫ్ట్‌వేర్ టెస్టింగ్."

"ఓహో!" అంటూ కుంచె నా చేతికిచ్చారు.

నేర్పింది ఒక్క అడ్డగీత. వాళ్ళ భాషలో అదే 'ఒకటి' అనే అక్షరం. మొదలు పట్టుపురుగు తలలా గుండ్రంగా, చివర పక్షితోకలా పైకి విచ్చుకుని, ఆవిడ చేతిలో ఎగిరిపోబోతున్నట్టుండేది! నాది దూలంలా పడుకునేది. వంకరను దిద్దబోతే కాగితం లాగేసేవారు: "దిద్దితే చచ్చిపోతుంది. కొత్తది రాయి."

ఇంట్లో మా ఆవిడ ఊరుకుంటుందా? "జమీందారు గారూ, ఒక్క గీతకు ఇంత పేపరా? మన పాప కిండర్‌గార్టెన్‌లో ఆల్ఫబెట్ మొత్తం ఫినిష్ చేసేసింది!"

ప్రదర్శనకు ముందు చివరి శనివారం. లిన్ మేడమ్ నా వెనక నిలబడి మణికట్టు తట్టారు. "ఈ నిటారు వీపు మీ తాతగారిది. అలాగే ఉంచు. ఇది మాత్రం వదులు."

వదిలాను. కుంచె తల వంచి, నడిచి, చివర రెక్క విప్పింది. "అదీ!" అని ఆవిడ అరిచిన అరుపుకు వీధిలో కుక్క మొరిగింది. తడి ఆరకముందే కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని ఆవిడ గరాజంతా తిరిగారు.

లైబ్రరీ గోడమీద ఆ గుమాస్తాల గీత కింద మా ఇంటిపేరు వేలాడింది. నేను తలెత్తి చూశాను.

ఇవాళ్టికీ ఏ పని మొదలుపెట్టినా ముందు నిటారుగా కూర్చుంటాను. తర్వాత మణికట్టు వదులు చేస్తాను.